ఏడు నిమిషాలు

ఆజామాబాద్ గుండీల కంపెనీల
నేను టైంకీపర్‌ని.
కూలోన్ని గాదు, సేటును గాదు.
తెల్లంగి, చెవు మీద పెన్సిలు, ఒక ఎత్తు స్టూలు.

పగటీలి అందరు సద్దులు విప్పుకొని
షెడ్డు నీడకు కూసున్నంక
నేను స్టూలెక్కేటోన్ని.
గోడ గడియారం అద్దం తెరిచి
పెద్దముల్లును ఏడు నిమిషాలు ఎనుకకు నూకేటోన్ని.
ఒక్క ఏలు చాలు.
అన్నం మీది ఈగను తోలినంత అల్కగ.

ఝుంబర్‌లాల్ సేటు నోటితోని ఎన్నడు చెప్పలే.
మొదటి నెల కవర్ల పది రూపాయలు ఎక్కువ పెట్టి
గడియారం దిక్కు జూసిండు,
అంతే.

నాలుగు వందల పన్నెండు మంది,
తలకు ఏడు నిమిషాలు.
ఒకనాడు జీతాల రిజిస్టరు ఎనుక అట్ట మీద గుణించిన.
రెండు పగళ్లు, రెండు రాత్రులు.
దేవుడు అందరికి రోజుకొక్క రోజిస్తే
సేటుకు మీదికెల్లి ఇంకో రెండు.
ఆ దినాలతోనే కట్టిచ్చిండేమో
కాన్పుల దవాఖానల పాలరాతి వార్డు,
గడప మీద వాళ్ల నాయిన పేరు.
మా కూలోళ్ల పిల్లలు ఆ వార్డులనే పుట్టిండ్రు.
అదిగూడ అబద్ధం గాదు.

మూడో నంబరు ప్రెస్సు అమెరికాల వాడి వాడి
పాతదైనంక ఓడల వచ్చింది.
ఇనుము మీద పోసిన అక్షరాలను
రజబలీ నూనెగుడ్డతోని తుడ్సి, కూడబలుక్కొని చదివిండు:
ఒ-హా-యో.
పిడి మీద ఎవనిదో అరచెయ్యి అరగదీసిన పల్లం.
"నా చెయ్యి ఇండ్ల లోలోపల ఆడుతున్నది భాయ్,
వాడెవడో నాకన్న పొడుగు మనిషి" అన్నడు.
ఇరానీ హోటల్ల చాయ సాసర్ల పోసుకుంట
ఆడి సంగతులు చెప్పేటోడు.
ఎనిమిది గంటలే చేస్తమన్నందుకు
మనుషులను ఉరి తీసిన ఊరొకటి ఉన్నదట.
నేను సమోసా తింట ఇన్న.
ఏలికి నూనె అంటింది.

గడియారాన్ని పట్టిచ్చింది
రజబలీ చదువు గాదు,
మల్లుబాయి పాలు.
నాలుగు నెలల పిల్లను బాగ్‌లింగంపల్లి గుడిసెల
అత్త దగ్గర పండవెట్టి వచ్చేది.
అయిదు కొట్టంగనే పిల్ల ఆడ ఏడుస్తది,
ఈడ రైక తడుస్తది.
గోడ మీద మాత్రం ఇంకా అయిదు కాకపోయేది.
"నా రొమ్ము తప్పుతదా, మీ ముల్లు తప్పుతదా?"
షెడ్డు నడుమ నిలవడి అడిగింది.
ఎవరు నవ్వలే.

తలా నాలుగణాలేసి జుమ్మేరాత్ బజార్ల
అద్దం పగిలిన చేతిగడియారం కొన్నరు.
గేటుకాడ జేబులు తడుముతరని
టిఫిన్ల, జొన్నరొట్టె కింద దాసి తెచ్చిండ్రు.
పన్నెండు దినాలు ఆ రొట్టె టైం చెప్పింది.

తర్వాత నలభై ఒక్క దినం గేటు మూత.
నేను లోపట్నే ఉన్న,
ఆగిన మిషన్లకు హాజరేసుకుంట.
ఆఖరుకు సేటు సంతకం పెట్టిండు.
గడియారానికి తాళం,
తాళంచెవి యూనియన్ కాడ.
అయిపోయిన తొమ్మిదేండ్ల ఏడు నిమిషాలు
ఎవరు అడగలే. ఆ కాయితం మీద వాటికి జాగ లేదు.

తాళం బిగించెతందుకు రజబలీ నా స్టూలే ఎక్కిండు.
అద్దం అంచుకు పెన్సిలు మసి ఏలిముద్ర.
శాన సేపు జూసిండు.
భుజం మీది రుమాలుతోని తుడ్సిండు,
దిగిండు,
నా దిక్కు మాత్రం జూడలే.

మొన్న రాంనగర్ చాపల మార్కెట్ల
మల్లుబాయి కనవడ్డది. నెత్తి ముగ్గుబుట్ట.
పక్కన ఆ పిల్ల, ఆ పిల్లకు మనుమరాలు.
నన్ను గుర్తు పట్టలేదనుకున్న.
"టైమెంతయింది సారూ?" అన్నది.

చెప్పనీకె నోరు రాలే.
మణికట్టు ఆమె ముందటికి చాపిన,
నువ్వే జూస్కొమ్మని.